కొంగజపం

(చెన్నైలో కొందరు తెలుగువాళ్ళం నెలకోసారి కలుసుకునే సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది. తెర మీద ఫోటోలు చూపిస్తూ మాట్లాడినది కాబట్టి "ఇదిగో", "అదిగో" అన్న మాటలు అలాగే ఉంచేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినబడుతోందా? సరే. బాబూ, ఆ ముందు లైట్లు రెండూ ఆర్పేయండి, తెర సరిగ్గా కనబడటం లేదు.

పరిచయం చేసిన మిత్రులు నన్ను పక్షి శాస్త్రజ్ఞుడని అనేశారు. కాదండీ. ముప్పై ఏళ్ళు బ్యాంకులో నోట్లు లెక్కపెట్టాను, ఇప్పుడు కొంగల్ని లెక్కపెడుతున్నాను. ఇక్కడ లెక్క తప్పితే చేతి డబ్బులు కట్టక్కర్లేదు, అదొక్కటే తేడా. (నవ్వులు)

మొదటి ఫోటో. మోకాలి లోతు నీళ్ళలో ఒంటిగా నిలబడి ఉంది చూశారా, బూడిదరంగు కొంగ. దీన్ని నారాయణపక్షి అంటారు. ఎవరు పెట్టారో గానీ భలే పేరు. మెడ భుజాల్లోకి లాక్కుని, కళ్ళు నీళ్ళ మీద పెట్టి, అచ్చం సంధ్యావందనానికి దిగిన పెద్దమనిషిలా ఉంటుంది. ఒకసారి వాచీ పెట్టుకుని చూశాను. ఇరవై రెండు నిమిషాలు అడుగు తీసి అడుగు వేయలేదు. ఆ తరవాత ఒక్కటే పోటు, ముక్కు చివర చేప.

మనవాళ్ళు దీన్ని కొంగజపం అన్నారు. పైకి భక్తి, లోపల చేప మీద ధ్యాస అని వెక్కిరింపు. నాకు ఈమధ్య ఆ వెక్కిరింపు నచ్చడం లేదు. గూట్లో మూడు నోళ్ళు తెరుచుకుని ఉంటే అది చేప మీద కాక ఇంకెక్కడ ధ్యాస పెడుతుందండీ? తెల్లవారుజామున నాలుగింటికి లేచి, రెండు గంటలు కారు తోలుకుని వెళ్ళి, చెరువు గట్టు మీద పది నిమిషాలు నిలబడలేక "ఇక్కడేం లేదు, అటు పోదాం పదండి" అనే మనం దాన్ని వెక్కిరిస్తున్నాం. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ జపం గురించే. గూళ్ళు కట్టుకున్న నీటి పక్షుల్ని చూడాలన్నా, ఫోటో తీయాలన్నా నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

మన భాషలో ఇంకో చిక్కుంది. కాళ్ళు పొడుగు, ముక్కు పొడుగు, నీళ్ళలో నిలబడింది, ఇంకేముంది, కొంగ! నిజానికి ఇవి వేరువేరు కుటుంబాలు. తెల్ల కొంగలు, నారాయణపక్షి, రాత్రిపూట తిరిగే చింతవక్క ఒక కుటుంబం. ఎర్రకాళ్ళ కొంగ, నత్తగుల్ల కొంగ ఇంకో కుటుంబం. తెడ్డుమూతి కొంగ, కంకణం పిట్ట మరొకటి. తేలిగ్గా పోల్చుకోవాలంటే ఎగిరేటప్పుడు చూడండి. మెడ 'ఎస్' అక్షరంలా మడుచుకుని ఎగిరితే మొదటి కుటుంబం. మెడ బారుగా ముందుకు చాచి ఎగిరితే మిగతావి. ఇది తెలిస్తే సగం తెలిసినట్టే.

మీలో వేడంతాంగల్ వెళ్ళినవాళ్ళు చేతులెత్తండి. ఫర్వాలేదే! తాంబరం దాటి, చెంగల్పట్టు దాటి, పడాళం దగ్గర పెద్ద రోడ్డు వదిలి కుడివైపు తిరగాలి. ఇక్కణ్ణుంచి 80 కిలోమీటర్లకి అటూ ఇటూ. తొలిసారి వెళ్ళినవాళ్ళు "ఇంతేనా?" అంటారు. అది అడవి కాదు, కొండ కాదు. ఓ ఊరి చెరువు. 74 ఎకరాలు ఉంటుందంతే. చెరువు మధ్య నీళ్ళలో నిలబడ్డ చెట్లు. వాటిని మా నెల్లూరు వైపు నీటి కడప అంటారు. నెలల తరబడి నీళ్ళలో మునిగి ఉన్నా కుళ్ళిపోవు. కొన్ని నల్లతుమ్మలు కూడా ఉన్నాయి. ఈశాన్య రుతుపవనాలు కురిసి చెరువు నిండగానే ఆ చెట్ల మీద గూళ్ళు మొదలవుతాయి. నీళ్ళలో ఉన్న చెట్టు మీదే ఎందుకంటే, పిల్లి, ముంగిస, కుక్క ఈదుకుంటూ రావు. చుట్టూ ఉన్న నీళ్ళే కోట కందకం. వాన రాకపోతే కందకం లేదు, కోటా లేదు. 2016లో ఈశాన్య రుతుపవనాలు మొహం చాటేశాయి, గుర్తుందిగా. ఆ సీజనులో నేను వెళితే చెరువు అడుగున పశువులు మేస్తున్నాయి. చెట్లు ఉన్నాయి, పక్షులు లేవు.

తమిళంలో వేడన్ అంటే వేటగాడు. వేడంతాంగల్ అంటే వేటగాళ్ళ పల్లె. అక్కడి రైతులేమో రెండు వందల ఏళ్ళకు పైగా వేటను అడ్డుకుంటూ వచ్చారు. తెల్లదొరల సిపాయిలు వచ్చి తుపాకులతో పక్షుల్ని కాలుస్తుంటే, ఊరివాళ్ళు చెంగల్పట్టు కలెక్టరు దగ్గరికి పోయి మొరపెట్టుకున్నారు. అప్పటి కలెక్టరు లయొనెల్ ప్లేస్. 1798లో ఆయన పక్షుల్ని ఎవరూ ముట్టకూడదని ఉత్తర్వు ఇచ్చాడు. 1936లో సర్కారు దాన్ని పక్షుల రక్షిత కేంద్రంగా గుర్తించింది. 2022లో రామ్‌సర్ జాబితాకెక్కింది, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల పట్టికలోకి. ఈ తేదీలన్నీ బోర్డు మీద రాసి ఉంటాయి, నేను ఎక్కువసేపు చెప్పను. రైతులకి అంత పట్టుదల ఎందుకో మాత్రం అక్కడి టీకొట్టు పెద్దావిడ చెప్పాలి, నేను కాదు.

చెంగల్పట్టు, మధురాంతకం చుట్టుపక్కల తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయని మీకు తెలుసు. ఆ తెలుగు వింటుంటే నాకు మా నాయనమ్మ గుర్తొస్తుంది. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ టీకొట్టు పెద్దావిడ నా మెళ్ళో కెమెరా చూసి, "ఏం నాయినా, పచ్చుల్ని జూసేదానికి వచ్చినావా?" అంది. తెలుగు విని ఎగిరి గంతేసినంత పని చేశాను. "ఈ పక్షులంటే మీకు విసుగు లేదా అమ్మా, ఈ కంపు, ఈ గోల" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "కంపేంది నాయినా, అది ఎరువు! ఆ నీళ్ళు పారితే మడికి మళ్ళా యూరియా మూట యెందుకు?" అంది. అదండీ సంగతి. వేలాది పక్షుల రెట్టలు నీళ్ళలో పడతాయి. నత్రజని, భాస్వరం ఊరికే వచ్చి చేరతాయి. ఆ నీళ్ళే తూము గుండా పొలాలకు పారతాయి. దీపావళికి మీ ఊళ్ళో టపాకాయలు కాల్చరట కదా అని అడిగితే, "కాన్పుకొచ్చిన ఆడబిడ్డ ఇంట్లో ఉంటే కాలుస్తామా?" అని నన్నే తిరిగి అడిగింది.

ఇక నేను మనసుపడ్డ పక్షి. ఇదిగో. ఎర్రకాళ్ళ కొంగ. పసుప్పచ్చటి ముక్కు, చివర కాస్త కిందికి వంపు. మొహం మీద ఈకలుండవు, నారింజ రంగు చర్మం. రొమ్ముకి అడ్డంగా నల్ల పట్టీ. వెనకవైపు లేత గులాబీ రంగు, పెళ్ళికూతురు చీర కుచ్చెళ్ళలాగా. ఈ గులాబీ రంగు పుట్టుకతో రాదు. పిల్లలు మట్టిరంగులో ఉంటాయి. రంగు తేలడానికి రెండు మూడేళ్ళు పడుతుంది.

ఇది జపం చేసే రకం కాదు. నారాయణపక్షి కంటితో చూసి పొడుస్తుంది. ఇది ముక్కు సగం తెరిచి నీళ్ళలో ముంచి, అటూ ఇటూ ఊపుకుంటూ నడుస్తుంది. కాలితో బురద కెలుకుతుంది, ఒక్కోసారి రెక్క టక్కున విప్పి చేపల్ని బెదరగొడుతుంది. ముక్కుకి ఏదైనా తగిలిందా, ఠపీమని మూసుకుంటుంది. అమెరికాలో ఉండే దీని దగ్గరి చుట్టం మీద ఈ వేగాన్ని కొలిచారు. తగలడానికీ మూసుకోవడానికీ మధ్య 25 మిల్లీసెకన్లు. అంటే సెకనులో నలభయ్యో వంతు. ఇంటికెళ్ళాక మీ కెమెరాలో షట్టరు 1/40 పెట్టి ఓసారి నొక్కి వినండి. ఆ చప్పుడంత సేపు. నీళ్ళు బురదగా ఉన్నా, చీకటి పడుతున్నా దీనికి అడ్డు లేదు.

అయితే దీంతో ఒక ఇబ్బంది ఉంది. తడిమి పట్టే పక్షికి చేపలు చిక్కగా ఉండాలి. నిండు చెరువులో చేపలు నలుదిక్కులా చెదిరి ఉంటాయి, ఎంత తడిమినా దొరకవు. నీళ్ళు తగ్గుతూ, గుంటల్లోకి చేరుతూ ఉంటే చేపలన్నీ ఒకచోట కుప్ప పడతాయి. మా చిన్నప్పుడు ఎండాకాలం చెరువు అడుగంటితే చేతులతో చేపలు పట్టేవాళ్ళం కదా, అలాగ. అందుకే వాన వెలిశాక గుడ్లు పెడుతుంది. పిల్లలు బాగా తిండి అడిగే వేళకి, జనవరి, ఫిబ్రవరి, మార్చిలో, చుట్టుపక్కల చెరువులు తగ్గుతూ ఉంటాయి. గూడు ఉన్న చెరువేమో నిండుగా ఉండాలి, మేసే చెరువులు తగ్గుతూ ఉండాలి. ఈ రెండూ కుదరాలంటే వేడంతాంగల్ ఒక్కటి చాలదు, చుట్టూ ఉన్న అనామకపు చెరువులు, వరిమళ్ళు, కాలవలు అన్నీ ఉండాలి. గేటు దగ్గర టిక్కెట్టు కొని మనం చూసేది పడగ్గది మాత్రమే. వంటిల్లు బయటెక్కడో ఉంది. ఆ వంటింట్లో ప్లాట్లు వేసి అమ్ముతున్నారు, అది వేరే కథ.

నేను రిటైరయిన ఏడు ఒక పని చేశాను. ఒక్క గూడు ఎంచుకున్నాను. వాచ్ టవర్ నుంచి చూస్తే రెండు పిల్లకొమ్మలు కత్తెరలా కలిసే చోట ఉండేది. వారానికి రెండుసార్లు, ఆదివారం, బుధవారం వెళ్ళేవాణ్ణి. మా ఆవిడ "ఆఫీసుకి కూడా ఇంత శ్రద్ధగా వెళ్ళలేదు" అంది.

మొదటి పది రోజులూ పుల్లల గొడవే. మగది తెస్తుంది, ఆడది అందుకుని ఇటు తిప్పి అటు తిప్పి దోపుతుంది. నచ్చకపోతే తీసి కింద పారేస్తుంది. ఆ మగది మారుమాటాడకుండా మళ్ళీ ఎగిరి వెళుతుంది. ఈ ముక్క మా ఇంట్లో చెప్పలేదు. (నవ్వులు) తెచ్చిన పుల్లలన్నీ కష్టార్జితం అనుకోకండి. పక్క గూటి వాళ్ళు అటు తిరిగారంటే చాలు, మెడ చాచి ఒక పుల్ల లాగేసుకునేది. లాక్కుని ఏమీ ఎరగనట్టు ఈకలు దువ్వుకునేది. ప్రతిసారీ జంటలో ఒకటి తిరిగొచ్చినప్పుడు రెండూ తలలు వంచి, ఎత్తి, ముక్కులు టకటకలాడిస్తాయి. వీటికి గొంతు పెద్దగా ఉండదు. ఆ టకటకే పలకరింపు, ఆ టకటకే సరసం. చెట్టు మీద నుంచి వినిపించే గోలంతా పిల్లలదే.

గుడ్లు నాకు కనబడలేదు, గూడు లోతుగా ఉంది. కానీ పొదుగుతున్నట్టు తెలిసిపోతుంది, మార్చి మార్చి కూర్చుంటాయి, లేచినప్పుడల్లా ముక్కుతో లోపల ఏదో మెల్లగా కదుపుతాయి. సుమారు నెల. ఒక బుధవారం పొద్దున గూటి అంచు మీద తెల్లటి దూదిపింజ లాంటి తల ఒకటి ఊగుతూ కనబడింది. ఆదివారానికి మూడు.

ఇప్పుడు ఈ ఫోటో చూడండి. నా దృష్టిలో ఇది నేను తీసినవాటిలో మంచిది, పోటీల్లో మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. మధ్యాహ్నం పన్నెండున్నర. ఎండ నెత్తి మీద ఉంది. తల్లో తండ్రో తెలియదు, సూర్యుడికి వీపు పెట్టి, రెండు రెక్కలూ సగం విప్పి, గొడుగులా నిలబడింది. దాని నీడ అంచు ఎక్కడుందో చూడండి. మూడు పిల్లలూ సరిగ్గా ఆ నీడ లోపలే ఉన్నాయి, ఒక్క తోకా బయట లేదు. సూర్యుడు జరిగితే ఇదీ జరిగేది. నోరు తెరిచి రొప్పుతోంది, కానీ కదల్లేదు. రెండోది వచ్చినప్పుడు చేప తెచ్చిందనుకున్నాను. చేప కాదు, గొంతులో నీళ్ళు పట్టుకొచ్చింది. పిల్లల మీద ధారగా వదిలింది. అవి తలలు పైకెత్తి నోళ్ళు తెరిచాయి. చలివేంద్రంలో దోసిలి పట్టినట్టు.

నాలుగో వారానికి రెండే మిగిలాయి. చిన్నది ఆదివారం ఉంది, బుధవారం లేదు. ఎలా పోయిందో నేను చూడలేదు. వీటిలో గుడ్లన్నీ ఒకేరోజు పిగలవు, ముందు పుట్టింది ముందు తింటుంది, వెనక పుట్టింది వెనకబడిపోతుంది. మిగిలిన రెండూ రెండు నెలలు దాటాక, మార్చి మొదటి వారంలో గూటి అంచు మీద నిలబడి రెక్కలు కొట్టుకోవడం మొదలెట్టాయి. ఒకటి ఎగిరి పక్క చెట్టు మీద వాలబోయి, కొమ్మ దొరక్క, ఆకుల్లో కూరుకుపోయి, ఎట్టకేలకు నిలదొక్కుకుంది. అప్పుడు నా చేతిలో కెమెరా లేదు, ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుంటున్నాను. ఎవరికీ చూపించలేని ఫోటో అది.

తరవాతి ఫోటో. ఇది చూపించాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

ఇది వేడంతాంగల్ కాదు. దారి పక్కన ఒక పల్లెటూరి చెరువు, గార్డు లేడు, గేటు లేదు. చాలా ఏళ్ళ కిందటి మాట, నాకు కొత్తగా పెద్ద లెన్సు వచ్చిన రోజులు. నల్లతుమ్మ చెట్ల నిండా నత్తగుల్ల కొంగల గూళ్ళు. మేం నలుగురం. అరగంట చూశాం. అవి పొదుగుతూ కూర్చున్నాయి, ఎగరవేం! అందరికీ ఎగిరే ఫోటో కావాలి. "రెండు చప్పట్లు కొడితే చాలు సార్" అన్నారు ఒకరు. కొట్టింది నేనే. వాళ్ళ మీదికి నెట్టను.

చూడండి ఎంత బాగా వచ్చిందో. నలభై పైచిలుకు కొంగలు ఒక్కసారిగా లేచాయి, తెల్ల రెక్కలకి నల్ల అంచులు, వెనక మబ్బు. రెండు నిమిషాల్లో అన్నీ తిరిగొచ్చి వాలాయి, మేం సంతోషంగా టిఫినుకి వెళ్ళాం. ఫోటో పెద్దది చేయించి ఫ్రేము కట్టించి హాల్లో తగిలించాను. వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు. ఏడాది తరవాత మా మనవరాలు, అప్పుడు దానికి ఐదేళ్ళు, సోఫా ఎక్కి ఫ్రేము దగ్గర మొహం పెట్టి, "తాతయ్యా, ఈ కాకి నోట్లో బంతేంటి?" అంది.

కింద ఎడమ మూల. ఇక్కడ, కర్ర చూపిస్తున్న చోట. కాకి. దాని ముక్కున తెల్లగా గుండ్రంగా ఉంది చూశారా. ఇంకొంచెం పెద్దది చేస్తాను. వెనక ఇంకో కాకి గూటి అంచు మీద వాలి ఉంది. రెండు నిమిషాలు వాటికి చాలా ఎక్కువ సమయం.

ఆ ఫ్రేము ఇప్పుడు హాల్లో లేదు. కానీ ఫోటో పారేయలేదు, ఇలా చూపించడానికి ఉంచాను. చప్పట్లు కొట్టడం మామూలే కదా అనుకుంటారు. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972, అందులో "వేట" అనే మాటకి అర్థం చెబుతూ, అడవి పక్షుల గుడ్లు పాడుచేయడమే కాదు, వాటి గుడ్లనీ గూళ్ళనీ కలతపెట్టడం కూడా వేటే అని రాశారు. చేతిలో తుపాకీ ఉండనక్కర్లేదు. ఆ లెక్కన ఆ రోజు నేను వేటగాణ్ణి.

అందుకని నాకు తెలిసిన నాలుగు గుర్తులు చెబుతాను. గూటి మీద పక్షి ఈకలు దువ్వుకుంటోంది, కునికిపాట్లు పడుతోంది అంటే మీరున్న సంగతి దానికి పట్టలేదు, అక్కడే ఉండండి. దువ్వుకోవడం ఆపి మెడ నిటారుగా ఎత్తిందంటే మీ వైపే చూస్తోంది. లేచి నిలబడిందంటే మీరు అప్పటికే ఎక్కువ దగ్గరికి వచ్చేశారు. మెల్లగా వెనక్కి నడవండి, వీపు తిప్పి పరిగెత్తొద్దు. గుడ్డు మీద నుంచి తల్లి లేస్తే కాకి ఒక్కటే కాదు, ఎండ కూడా శత్రువే. మన ఎండకి లోపలి పిండం ఉడికిపోవడానికి ఎంతోసేపు పట్టదు. గూడు సరిగ్గా కనబడటం లేదని అడ్డుగా ఉన్న రెమ్మ విరిచేవాళ్ళని చూశాను. ఆ రెమ్మే దానికి పందిరి. ఇక ఒంటరి గూడు ఎక్కడైనా కనబడితే ఊరూ పేరూ మ్యాపూ పెట్టి వాట్సాప్ గ్రూపుల్లో పంచకండి. మర్నాటికి పదిహేను కార్లు వస్తాయి.

కెమెరా సంగతి అడుగుతారని తెలుసు కాబట్టి గబగబా చెప్పేస్తాను. తెల్ల పక్షి, వెనక పచ్చటి ఆకులు అయితే కెమెరా మోసపోయి ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది, ఈకలన్నీ సున్నం కొట్టినట్టయిపోతాయి. ఎక్స్‌పోజరు ఒక స్టాపు దాకా, అంటే వెలుతురు సగం దాకా, తగ్గించండి. వెనక తెల్లటి ఆకాశం ఉంటే దానికి ఉల్టా, పెంచండి. ఎగిరేవాటికి షట్టరు 1/1600కి తగ్గొద్దు. పొద్దున తొమ్మిది దాటితే నీళ్ళ మీద వేడి అలలు అలలుగా లేస్తుంది, ఆరు లక్షల లెన్సయినా ఆవిరి వెనక నుంచి తీసినట్టే వస్తుంది. అప్పుడు కెమెరా సంచీలో పెట్టి బైనాక్యులర్ తీయండి. లెన్సు కొనడానికి డబ్బులు పోగుచేస్తున్నవాళ్ళు ముందు 8x42 బైనాక్యులర్ ఒకటి కొనుక్కోండి. అంతే, ఇక కెమెరా అధ్యాయం సమాప్తం.

ఈ చిన్న తెల్ల కొంగ వీపు మీద దారపు పోగుల్లా వేలాడుతున్న ఈకలు చూశారా? గూళ్ళ కాలంలోనే వస్తాయి. వందేళ్ళ కిందట యూరపులో ఆడవాళ్ళ టోపీల్లో పెట్టుకోవడానికి ఈ ఈకలు బంగారంతో పోటీపడే ధరకి అమ్ముడుపోయేవి. గూళ్ళ కాలంలోనే ఈ ఈకలు కాబట్టి గూళ్ళ మీదే చంపేవాళ్ళు. పిల్లలు ఆకలికి చచ్చేవి. అడవి పక్షుల ఈకలు మన దేశం నుంచి ఎగుమతి కాకుండా 1902లో నిషేధం తెచ్చారు. ఒక ఫ్యాషన్ వల్ల వచ్చిన ముప్పు అది. ఇప్పటి ఫ్యాషన్ ఫోటోలు, నన్ను కూడా కలుపుకునే అంటున్నాను.

నాది నాయుడుపేట దగ్గర పల్లె. ఇది చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగా ఉంటుంది. మా ఊరికి సైకిలు దూరంలో నేలపట్టు. మన తెలుగు నేల మీద గూడబాతులు, అదే పెలికన్లు, గూళ్ళు పెట్టే పెద్ద చోటు. అక్కడా అవే నీటి కడప చెట్లు, అదే చెరువు, అదే ఎరువు మాట. చిన్నప్పుడు ఆ పక్షులు మా నెత్తి మీద నుంచే పులికాట్ వైపు మేతకి పోయేవి. ఒక్కసారైనా తలెత్తి చూశానా? లేదు. తమిళనాడు వచ్చి, రిటైరయ్యే వయసులో, తమిళ రైతుల చెరువు గట్టు మీద నేర్చుకున్నాను. సూళ్ళూరుపేట ఫ్లెమింగో పండగకి వెళ్ళేవాళ్ళకి ఒక మాట: పులికాట్‌లో ఆ గులాబీ కాళ్ళ పక్షులు మేతకి వస్తాయి, గూళ్ళు పెట్టవు, వాటి గూళ్ళు కచ్ ఉప్పు భూముల్లో. గూళ్ళు చూడాలంటే పక్కనే ఉన్న నేలపట్టుకి వెళ్ళండి.

గూళ్ళ ఊళ్ళు శాశ్వతం కావు. గత శతాబ్దం మొదట్లో కడప జిల్లా బుచ్చుపల్లెలో గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ కలిసి గూళ్ళు పెట్టేవని రాసినవాళ్ళున్నారు. ఆ తరవాత అక్కడ వాటి జాడ లేదు. 1946లో, మలయాళంలో ఇందుచూడన్ పేరుతో పక్షుల గురించి రాసిన నీలకంఠన్ గారు పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో పెద్ద గూడబాతుల స్థావరాన్ని లోకానికి తెలియజేశారు. ఇప్పుడు అదీ లేదు. బుచ్చుపల్లెలో ఆ చెట్ల కింద ఆడుకున్న పిల్లలు ఎవరో ఉండే ఉంటారు కదా. వాళ్ళు తలెత్తి చూశారో లేదో.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి: ఇవన్నీ సైబీరియా నుంచి వస్తాయని పేపర్లో చదివాం.)

రాస్తారండీ, ప్రతి ఏడూ రాస్తారు. సైబీరియా దిక్కు నుంచి వచ్చేవి కొన్ని బాతులు, ఉల్లంకులనే చిన్న నీటి పిట్టలు. అవి ఇక్కడ తిని, బలిసి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ సొంతూరికి పోతాయి. ఏ పక్షికైనా గూడెక్కడో ఊరక్కడే. ఎర్రకాళ్ళ కొంగ మన దేశవాళీ. హిందూపురం పక్కన వీరాపురం వాళ్ళు పుట్టింటికి పురిటికొచ్చిన ఆడపిల్లలంటారు వీటిని. పేపరువాళ్ళ కంటే వాళ్ళ మాటే సరైనది.

(ఒక కుర్రాడు: ఎర్రకాళ్ళ కొంగ అన్నారు, ఫోటోలో కాళ్ళు తెల్లగా ఉన్నాయి కదా సార్?)

భేష్! ఎవరూ అడగరేమో అనుకున్నాను. ఆ తెలుపు సున్నం కాదు బాబూ, దాని రెట్టే. ఎండ ఎక్కువైతే తన కాళ్ళ మీద తానే వేసుకుంటుంది. తడి ఆరుతున్నకొద్దీ కాళ్ళలో నెత్తురు చల్లబడుతుంది. మన కొత్త కుండలో నీళ్ళు చల్లబడ్డట్టే. మీరు మాత్రం ప్రయత్నించకండి. (నవ్వులు)

(ఒక పెద్దావిడ: మా మనవణ్ణి తీసుకెళ్ళొచ్చా అండీ? నిమిషం కుదురుగా ఉండడు.)

తప్పకుండా తీసుకెళ్ళండమ్మా. డిసెంబరు, ఫిబ్రవరి మధ్యలో, పొద్దున్నే. పులిహోర కట్టుకెళ్ళండి, తిన్నాక ఆకులు మాత్రం వెనక్కి తెచ్చేయండి, మెతుకులు పడితే కాకులు చేరతాయి. వాడికి "చప్పుడు చేయకు" అని చెప్పకండి, వినడు. ఒక చెట్టు చూపించి, దాని మీద గూళ్ళెన్నో లెక్కపెట్టమనండి. మా మనవరాలితో అలాగే చేశాను. దానికి 61 వచ్చాయి, నాకు 54. ముప్పై ఏళ్ళ సర్వీసు మీద ఒట్టేసి నాదే కరెక్టన్నాను. అది ఒప్పుకోలేదు. ఇద్దరం వేలు పెట్టి చూపించుకుంటూ కొమ్మ కొమ్మకీ మళ్ళీ లెక్కపెట్టాం. ముప్పావు గంట పట్టింది. 63.

టీ వచ్చిందంటున్నారు, లైట్లు వేయండి బాబూ.